కుడేడమ్మ వంతు

నాకున్నవి రెండే కాళ్ళు. ఎడమది ఏడో నంబరు, కుడిది ఐదో నంబరు. చిన్నప్పుడు జబ్బు చేసి కుడికాలు ఉన్నచోటే ఆగిపోయింది, ఎడమది తన మానాన తాను పెరిగింది. ఇందులో నా తప్పేమీ లేదు, మా అమ్మ తప్పు అంతకన్నా లేదు. అయినా మా ఆస్పత్రికి కొత్తగా వచ్చిన సూపర్వైజరమ్మ పోయిన వారం నా కాళ్ళకేసి చూసిన చూపు మీరు చూడాల్సింది. అదేదో నేను కావాలని తెచ్చుకున్న రోగమన్నట్టు చూసింది.

ఆవిడ పెట్టిన రూలు ఏమిటంటే, వార్డులో తిరిగే నర్సులంతా కాలు మొత్తం కప్పే నల్లబూట్లు వేసుకోవాలి. రూలు మంచిదే, నేను కాదనను. సూదులు పడతాయి, మందులు ఒలుకుతాయి. నాకూ నల్లబూట్లు ఉండేవి. వాటి అడుగు ఊడిపోయింది. బూట్లు కుట్టే ఆయన రెండుసార్లు కుట్టి, మూడోసారి వాటికి దణ్ణం పెట్టి నా చేతికిచ్చేశాడు. దాంతో పట్టీల చెప్పులతో డ్యూటీకి వెళ్ళాను. అంతే, నన్ను పక్కకి పిలిచి గొంతుకి తేనె పూసుకుని మరీ చెప్పింది. సోమవారానికల్లా బూట్లు లేకపోతే కింద రికార్డుల గదిలో కూర్చోబెడుతుందట. కూర్చునే పనైతే నా కాళ్ళకి సుఖంగా ఉంటుందట.

సుఖమట. ఎవరడిగారమ్మా నీ సుఖం? నేను పిల్లల వార్డు మనిషిని. జ్వరంతో గుక్కపెట్టే చంటిదాన్ని భుజాన వేసుకుని ఆ గోడ నుంచి ఈ గోడకి తిరుగుతూ ఉంటే కాసేపటికి అది నిద్రపోతుంది. అదీ నా పని. అక్కడ నేనెత్తుకున్న పిల్లలు ఇప్పుడు వాళ్ళ పిల్లల్ని ఎత్తుకుని వస్తున్నారు. అలాంటిదాన్ని ఆ దుమ్ము గదిలో కాయితాల కట్టల్ని ఎత్తుకోమంటుందా? అరికాలి మంట నెత్తికెక్కింది. కానీ నోరు జారితే అదే వంకన పంపేస్తుందని పళ్ళు బిగబట్టుకుని ఊరుకున్నాను.

శనివారం మా ఆడపడుచు భోజనానికి వస్తే ఈ గోడు తనకి చెప్పుకున్నాను. తనకి లోకంలో ఉన్న వస్తువులన్నీ ఫోన్లోనే ఉంటాయి. కూరలో ఉప్పు తక్కువైతే అది కూడా ఫోన్లో తెప్పించే రకం. ఇప్పుడే ఆర్డరిస్తా వదినా, పొద్దున్నకల్లా గుమ్మంలో ఉంటాయి అంది. ఏ నంబరు పెడతావే అన్నాను. అప్పుడు గుర్తొచ్చింది తల్లికి. పోనీ ఏదో పెద్ద మాల్‌కి పోదాం, నువ్వెళ్ళే ఆ పాత వీధి కొట్లు ఇంకా ఉన్నాయా, అక్కడికెవరు పోతున్నారు ఈ రోజుల్లో అంది. కంచం ముందు కూర్చుని అలాంటి మాటంటే నాకు మింగుడు పడుతుందా? రేపు పొద్దున్నే నాతో రా, సాయంత్రం దాకా ఆ వీధి దాటి బయట కాలు పెట్టకూడదు, నీక్కావలసినవీ అక్కడే కొను అన్నాను. మా ఆయన తలెత్తకుండా, వెళ్ళిరండి వెళ్ళిరండి అన్నారు. ఆదివారం ఇంట్లో నా నోరు వినపడదన్న ఆశ ఆయనది.

ఆ వీధి గురించి చెప్పాలి. మార్కెట్ వెనక సందు. రెండు చేతులూ చాపితే గోడలు తగిలేంత కొట్లు, సగం సరుకు గుమ్మానికి వేలాడుతూ ఉంటుంది, తల వంచుకుని లోపలికి పోవాలి. మిగతా ఊళ్ళో డజన్లూ సెట్లూ ప్యాకెట్లూ అమ్ముతారు. ఈ వీధిలో ఒక్కటి అమ్ముతారు. గిన్నె మీ దగ్గరే ఉంటే ఉత్త మూత ఇస్తారు. ఒక చెవి కమ్మ పోగొట్టుకుంటే దానికి జోడీ చూసి ఒక్కటే ఇస్తారు. ఒక బొత్తాం, ఒక కప్పు, ఒక తాళంచెవి. సగం పోగొట్టుకున్నవాళ్ళు మిగిలిన సగం పారేయకుండా బతికే వీధి అది.

ఆ వీధి చివర చెప్పుల కొట్టు బాబాయిది. బాబాయంటే నాకేమీ చుట్టం కాదు. పెళ్ళి కాకముందు మొదటిసారి ఆ కొట్టుకి వెళ్ళినప్పుడు నా కాళ్ళు చూసి, అయ్యో అనకుండా, జాలి పడకుండా, ఏ కాలు పెద్దదమ్మా అని మాత్రం అడిగాడు. ఎడమ అన్నాను. భలే, నీకు జంట దొరికింది అన్నాడు. ఈ ఊళ్ళోనే అవతలి వైపు ఒకావిడ ఉందట. ఆవిడకి కుడికాలు ఏడు, ఎడమకాలు ఐదు. అచ్చం నాకు తిరగేసినట్టు. ఏడో నంబరు జతా ఐదో నంబరు జతా విప్పి, నాదో జతా ఆవిడదో జతా కట్టాడు. ఏడు ఏ కాలిదో దాన్నిబట్టి నన్ను ఎడమేడమ్మ అనీ ఆవిడని కుడేడమ్మ అనీ పిలిచేవాడు.

ఒకటే చిక్కు. ఇద్దరం ఒకే రకం, ఒకే రంగు తీసుకోవాలి. నాకు నలుపు ఇష్టం. ఆవిడకి గోధుమరంగు. నా దృష్టిలో అది బురద రంగు. బాబాయి చేత కబుర్లు పంపుకుని, కొన్నాళ్ళు బెట్టు చేసి, చివరికి వంతులు పెట్టుకున్నాం. ఒకసారి నా నలుపు, తర్వాతిసారి ఆవిడ గోధుమ. ఆవిడ మొహం నేనెప్పుడూ చూడలేదు, నా మొహం ఆవిడా చూడలేదు. కానీ కొట్టుకి వెళ్ళినప్పుడల్లా, ఎలా ఉంది నా జంట అని అడగడం నాకు అలవాటు. మోకాలి నొప్పిట, బాగా చదివే కూతురుందిట, మొన్న మనవడు పుట్టాడుట అని బాబాయి చెబుతుండేవాడు. మనవడన్నప్పుడు ఊలు టోపీ అల్లి పంపాను. బాగా సరిపోయిందని కబురొచ్చింది.

ఊడిపోయిన బూట్లు నల్లవి. అంటే ఈసారి వంతు ఆవిడది. ఆస్పత్రిలో నలుపే వేసుకోవాలి కాబట్టి ఈ ఒక్కసారికీ నన్ను తీసుకోనివ్వమని, కావాలంటే తర్వాత వరసగా రెండు వంతులూ ఆవిడే తీసుకోవచ్చని బాబాయితో చెప్పించాలి. దారంతా ఆ మాటే ఎలా అడగాలా అని కూడబలుక్కుంటూ వచ్చాను. మా ఆడపడుచు నవ్వింది. ముక్కూ మొహం తెలీని మనిషిని బతిమాలుకుంటావా అంది. నీకేం తెలుసులే అన్నాను.

తీరా వెళితే కొట్టు మూసి ఉంది. పైన కొత్త బోర్డు, షట్టరు మీద కాగితం, ఈరోజు మధ్యాహ్నం మూడింటికి తెరుస్తాం అని. బాబాయి మధ్యాహ్నం దాకా కొట్టు మూయడం నేనెరగను. పోనీ సరుక్కి వెళ్ళాడేమో అనుకున్నాను.

ఈలోపు మా ఆడపడుచుకి కావలసినవి చూద్దామన్నాను. మొదట గిన్నెల కొట్టు. తను వెంట తెచ్చుకున్న గిన్నెకి మూత కావాలి. కొట్టాయన ఎన్ని మూతలు దింపాడో, ఒక్కొక్కటీ వేసి చూపించి, ఊగుతున్నదాన్ని పక్కన పెట్టి, కూర్చున్నదాన్ని తుడిచి ఇచ్చాడు. ఈ మహాతల్లి ఆ మూత పక్కనే ఉన్న స్టీలు డబ్బాకి ఫొటో తీసి, ఆయన ఎదురుగానే ఫోన్లో ధర వెతకడం మొదలుపెట్టింది. ఆయన చూశాడు, చూడనట్టు అటు తిరిగి మూతలు కట్టిన తాడు సర్దుకున్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. బయటికి రాగానే దులిపేశాను. ఒకరింటి కంచంలో తింటూ పక్కింటి వంట బాగుంటుందేమో అని అడుగుతావా అన్నాను. అందరూ చేసేదేగా వదినా అని మూతి ముడుచుకుంది.

తర్వాత బొత్తాల కొట్టు. తన కోటుకి ఒక బొత్తాం ఊడి ఏడాదైంది, అది లేక బీరువాలో పడి ఉన్నదాన్ని సంచిలో పెట్టుకొచ్చింది. కొట్టావిడ రేకు డబ్బా బల్ల మీద బోర్లించి, వేలితో గీరి గీరి, అదే రంగుది, అదే నాలుగు కన్నాలది తీసి పెట్టింది. మా ఆడపడుచు దాన్ని కోటు మీద పెట్టి అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. ఒప్పుకుంటే సొమ్మేం పోతుంది? ఒప్పుకోలేదు. కానీ ఫోను మాత్రం సంచిలో పెట్టేసింది.

మూడింటి దాకా చేతులు ముడుచుకు కూర్చోవడమెందుకని దారిలో ఉన్న మిగతా చెప్పుల కొట్లు కూడా ఎక్కాను. ఒకటి కొత్తగా వెలిసింది, పట్టపగలు కూడా లైట్లే లైట్లు. అక్కడి కుర్రాడు నా కాళ్ళు చూసి పక్కవాడికి సైగ చేశాడు. సైగ నాకు కనపడదనుకున్నాడు కాబోలు. రెండూ ఏడే తీసుకోండి ఆంటీ, కుడిదాంట్లో దూది కుక్కుకోండి అన్నాడు. నాయనా, నేను నడిచేది నా ఒక్కదాని కోసం కాదు, నా భుజం మీద జబ్బు పిల్లలుంటారు, దూది జారి నేను తూలితే కింద పడేది వాళ్ళు అని చెప్పాను. వాడికి ఎక్కలేదు. అలా అయితే రెండు జతలు కొనుక్కోండి అన్నాడు. నాకేమన్నా నాలుగు కాళ్ళు కనిపిస్తున్నాయా అని అడిగి దిగొచ్చేశాను. ఇంకో కొట్టాయన మర్యాదస్తుడే, పాపం వెతికాడు. ఏడులో ఉన్న రకం ఐదులో లేదు, ఐదులో ఉన్నది ఏడులో లేదు.

ఎండ నడినెత్తికొచ్చింది. టీ బండి పక్కన బల్ల మీద కూలబడ్డాం. చెప్పుల పట్టీ ఒరుసుకుని నా మడమ బొబ్బెక్కింది. మా ఆడపడుచు మెల్లగా మాల్ మాటెత్తింది. అక్కడ ఇంతకన్నా మర్యాదగా కాదంటారు, అంతే తేడా అన్నాను. తను సంచిలోంచి బొత్తాం తీసి చూసుకుని మళ్ళీ పెట్టుకుంది.

మూడింటికి బాబాయి కొట్టు తెరిచారు. లోపలికి వెళ్ళి నేను గుర్తుపట్టలేదు. నేను కూర్చునే పొట్టి పీట లేదు. అట్టపెట్టెల దొంతర్లు లేవు. గోడలకి గాజు అరలు, మూలన కంప్యూటరు. పాత నిలువుటద్దం ఒక్కటే మిగిలింది. బాబాయి కుర్చీలో ఆయన అల్లుడు కూర్చుని ఉన్నాడు. నేనెవరో చెప్పాను. మామయ్య మూడు నెలల కిందట మెట్ల మీద పడ్డారనీ, తుంటి విరిగిందనీ, పైన గదిలో ఉన్నారనీ, ఇక కొట్టు తనదేననీ చెప్పాడు. అయ్యో అని, తర్వాత పైకెళ్ళి చూస్తానని, నాక్కావలసింది చెప్పాను. నల్లబూట్లు, ఎడమ ఏడు, కుడి ఐదు.

మనిషి మొహం మారిపోయింది. "ఓ, మీరేనా ఆవిడ," అన్నాడు. తర్వాత, "జత విడదీయడం కుదరదు ఆంటీ. కంప్యూటరు ఒప్పుకోదు," అన్నాడు.

కంప్యూటరుకేం కాళ్ళున్నాయా ఒప్పుకోకపోవడానికి? ఓపిగ్గానే చెప్పాను. ఇది మీ మామయ్య పెట్టిన పద్ధతి బాబూ, నీకు నష్టమేమీ లేదు, మిగిలిన రెండూ కుడేడమ్మ తీసుకుంటుంది, ఈసారి రంగు మాత్రం ఆవిడని ఒకమాట అడగాలి అన్నాను. అతను నవ్వాడు. మంచి నవ్వు కాదు. లేచి, నిచ్చెన వేసి, అటక మీంచి పెట్టెలు ఒక్కొక్కటీ దింపి నా ముందు నేల మీద పెట్టాడు. మూతలు తీశాడు.

"ఇదిగోనండి మీ కుడేడమ్మ," అన్నాడు.

ప్రతి పెట్టెలోనూ ఒక పెద్ద కుడిది, ఒక చిన్న ఎడమది. కాలు పెట్టని కొత్తవి. నేను వేసుకుని అరగదీసినవాటి జోళ్ళు. ఊడిపోయిన నల్లబూట్లవీ ఉన్నాయి, అంతకుముందు వేసుకున్న గోధుమరంగువీ ఉన్నాయి. అలాంటి మనిషి ఎవరూ లేరట. అంతా మామయ్య చెప్పిన కట్టుకథట. నాలాంటివాళ్ళ మీద జాలిపడీ పడీ కొట్టుని ఈ గతికి తెచ్చాడట.

ఎవరి దగ్గరా చెయ్యి చాపకుండా బతికినదాన్ని. ఇన్నేళ్ళూ ఠీవిగా ఈ కొట్టులోకి వచ్చి, నా జంట నా జంట అని గొప్పలు పోయి, చివరికి ముష్టి బూట్లు వేసుకుని తిరిగానా? లేని మనిషికి టోపీ అల్లానా? ఆ పెట్టెల్ని కాలితో ఒక్క తోపు తోయాలనిపించింది. కాలు లేవలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అతని ముందు అవి పడనివ్వకూడదని పైకి చూస్తూ నిలబడ్డాను.

అప్పుడు మా ఆడపడుచు నేల మీద గొంతుక్కూర్చుంది. పొద్దున్నుంచీ నాతో పోట్లాడిన మనిషి, పెట్టెలన్నీ ఒకటొకటిగా చూసి తలెత్తింది. "వదినా, నా పెళ్ళి ఫొటోని పాడుచేసిన బకిల్ బూట్లేవీ?" అంది.

నిజమే. ఇంత బకిల్ ఉన్న ఆ గోధుమరంగు బూట్లు ఫొటోలో పడ్డాయని ఏడాది పాటు నన్ను సాధించింది. వాటి జోడు అక్కడ లేదు. అంతకుముందు వేసుకున్న లేసులవి లేవు. వాన బూట్లు లేవు. అటక మీదున్నవన్నీ ఈ నాలుగైదేళ్ళవే. మరి పాతవన్నీ ఎవరు తీసుకున్నట్టు? ఎవరో ఒకరు వేసుకుంటేనే కదా పోతాయి. నేను మెట్లెక్కాను. ఆయనకి ఒంట్లో బాగోలేదు ఆంటీ అని అడ్డం రాబోయాడు. నేను నర్సుని, ఒంట్లో సంగతి నాకు చెప్తావా అన్నాను.

చిన్న గది. కిటికీ పక్కన మంచం, మంచం కింద నా పొట్టి పీట. బాబాయి చిక్కి సగమయ్యాడు. కింద జరిగిందంతా విన్నాడని మొహం చూస్తేనే తెలిసింది. బాగున్నావా అని కూడా అడగలేదు నేను.

"కుడేడమ్మ ఉందా, లేదా?" అన్నాను.

దుప్పటి సర్దుకున్నాడు. "ఉండేది," అన్నాడు.

పీట లాక్కుని కూర్చున్నాను. నాలుగేళ్ళు దాటిందట. ఆవిడ కూతురు వచ్చి చెప్పిందట, అమ్మ పోయిందని. వేసుకోకుండా ఉండిపోయిన ఆఖరి జత కూడా పట్టుకొచ్చిందట, అమ్మ కాళ్ళకి తప్ప ఇంకెవరికీ సరిపోవని. నేనిప్పుడు కూర్చున్న పీట మీదే కూర్చుని ఏడ్చిందట. వాళ్ళింట్లో నా పేరు కూడా ఎడమేడమ్మేనట. మిగతా సగం ఇప్పుడు ఏ వీధిలో తిరుగుతోందో అని బూట్లు తొడుక్కుంటూ ఆవిడ నవ్వేదట.

మరి నాకెందుకు చెప్పలేదని అడిగాను. చెబితే రెండు జతలు కొంటానని పంతం పడతానట, లేదా ఇటు రావడం మానేసి దూది కుక్కుకు తిరుగుతానట, పిల్లల్ని ఎత్తుకునేదాన్ని కదా అని భయమేసిందట. ఇవాళ కాకపోతే రేపు ఇంకో కుడేడమ్మ దొరక్కపోతుందా అని గుమ్మం ఎక్కిన ప్రతి ఆడమనిషి కాళ్ళూ చూశాడట. దొరకలేదు. ఆ మోకాలి నొప్పి, మనవడు, అన్నీ తర్వాత అల్లినవే.

"టోపీ?"

"మా మనవడికి పెట్టాను," అన్నాడు. "బాగా సరిపోయింది."

వెనక మెట్ల మీద అల్లుడు నిలబడి ఉన్నాడు. ఆ టోపీ కొట్టులోంచి వచ్చిందని తెలుసుగానీ ఎవరిచ్చారో ఇన్నాళ్ళూ తెలీదనీ, వాడిప్పటికీ తలకెక్కకపోయినా వదలడనీ తలొంచుకుని చెప్పాడు. అతన్ని పట్టించుకునే స్థితిలో లేను నేను. నా కోపం వేరే చోట ఉంది.

"పోయిన మనిషి కోసం నాకు బురద రంగు ఎందుకు తొడిగించావు?"

"ఆవిడ వంతు కదమ్మా," అన్నాడు బాబాయి. "వరసగా నల్లవే ఇస్తే నువ్వు అడిగేదానివి."

ఇలాంటి మనిషిని ఏం చెయ్యాలి మీరే చెప్పండి. నా మీద అంత ప్రేమ ఉన్నవాడు ఆ ఒక్క మాట చెప్పి ఉండకూడదూ? కూతురు వచ్చి ఏడ్చిన రోజున నాకు కబురు చేసి ఉంటే పరుగెత్తుకు వచ్చేదాన్ని. ఆ పిల్ల చెయ్యి పట్టుకునేదాన్ని. నాలుగేళ్ళుగా ఎలా ఉంది నా జంట అని అడుగుతున్నాను, బాగుందట అని నవ్వుతూ చెబుతున్నాడు. నా మనిషి పోతే నన్ను ఏడవనివ్వలేదు. అదే అన్నాను, గట్టిగానే అన్నాను. అని, అక్కడే, ఆ పీట మీదే, నాలుగేళ్ళ ఏడుపూ ఏడ్చాను. బాబాయి కూడా కళ్ళు తుడుచుకున్నాడు. ఊరుకోమని ఎవరూ అనలేదు, అంటే ఒప్పుకునేదాన్నీ కాదు.

నేను ముక్కు చీదుకున్నాక, ఇంకో మాట కూడా ఉందమ్మా అన్నాడు. పోయే ముందు ఆవిడ కూతురితో చెప్పి పంపిందట.

"ఇకమీద నల్లవే తీసుకోమను, పాపం నా కోసం చాలాసార్లు ఓర్చుకుంది అని."

దారంతా నేను అడగాలని కూడబలుక్కున్న మాటకి జవాబు నాలుగేళ్ళ కిందటే వచ్చి, ఈ గదిలో కూర్చుని ఉంది. ఆ మాట దాచిపెట్టి, నాకు గోధుమరంగు కట్టబెట్టాడీ పెద్దమనిషి. కాళ్ళ దగ్గర దుప్పటి జారిపోతే సర్ది, తుంటి మీద బరువు పడకుండా దిండు మార్చి, కిందికి దిగాను.

అల్లుడు అప్పటికే ఏడూ ఐదూ దింపి పెట్టాడు. మామయ్య ఇచ్చినట్టే ఇస్తాను, మిగిలినవి అటక మీద పెట్టుకుంటాను అన్నాడు, ఈసారి ఆంటీ అనకుండా. నాకు మళ్ళీ మండింది. అటక మీద పెట్టడానికా నేనింత ఏడ్చింది? రెండు జతలకీ బిల్లు వెయ్యమన్నాను. అతను వద్దన్నాడు, నేను వినలేదు. ఇకనుంచి నాకు ఎవరూ అబద్ధం అమ్మక్కర్లేదు.

"ఆ రెండోది నా సొంతం, అమ్మకానికి కాదు," అన్నాను. "వీధికి కనపడేలా అద్దంలో పెట్టు. కుడి ఏడు, ఎడమ ఐదు, మనిషి కావాలి అని రాయి. ఆ కాళ్ళున్నావిడ ఎవరొచ్చినా ఇచ్చి, నాకు ఫోన్ చెయ్యి. నేనొచ్చి స్వయంగా చూడాలి."

రాయడానికి అతను కలం వెతుక్కుంటుంటే మా ఆడపడుచు అతని చేతిలోంచి అట్ట లాక్కుని తనే రాసింది. ఫొటో తీసి ఫోన్లో కూడా పెడతాను వదినా, పదిమందికీ తెలుస్తుంది అంది. అదొక్కటీ నేను కాదనలేదు.

నేను నల్లబూట్లు తొడుక్కున్నాను. అప్పుడు పైనుంచి బాబాయి గొంతు వినిపించింది. "ఎత్తుకుని నడిచావా అమ్మా?"

అది ఆయన పద్ధతి. నేను పిల్లల్ని ఎత్తుకు తిరిగేదాన్ని కాబట్టి, బూట్లు వేసుకున్నాక చేతుల్లో బరువేదైనా పెట్టి, అద్దం దాకా నడిపించి, మడమ జారుతుందేమో విని గానీ డబ్బులు తీసుకునేవాడు కాదు. చుట్టూ చూశాను. బల్ల మీద కుడేడమ్మ పెట్టె ఉంది. దాన్నే తీసి భుజానికి ఆనించుకుని, గుమ్మం నుంచి అద్దం దాకా నడిచాను. అద్దం నుంచి మళ్ళీ గుమ్మం దాకా నడిచాను. పైన మంచం మీద మనిషి నా అడుగులు వింటున్నాడని నాకు తెలుసు.

"జారట్లేదు బాబాయ్," అన్నాను.

"వచ్చేసారీ నల్లవేగా? తెప్పించి పెట్టమంటాను," అన్నాడు.

"వచ్చేసారి బురద రంగు తెప్పించు," అన్నాను. "వార్డుకి పనికిరాకపోతే బజారుకి వేసుకుంటాను. వంతు ఆవిడది."